మా దగ్గర రికార్డు లేదన్న కంపెనీ: ఒక కాంట్రాక్టు కార్మికుడి కుటుంబం కేసు

ప్రైవేటు కంపెనీ దగ్గరున్న రికార్డు కావాల్సి వస్తే మన దగ్గర చాలామంది మొదట చేసే పని, ఆ కంపెనీకే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టడం. అది తిరిగొస్తుంది. తర్వాత ఏం చేయాలో తెలియక అక్కడితో వదిలేస్తారు. హనుమకొండలో లేబర్ కేసులు చూసే లాయరుగా నాకు ఇది పాత కథే. ఈ కేసును ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. కంపెనీ తలుపు తీయనప్పుడు ఆ కాగితం చట్టప్రకారం ఇంకెవరి చేతికి చేరి ఉండాలో వెతుక్కుంటూ పోతే ఎంత దూరం వెళ్లొచ్చో ఇందులో బాగా తెలుస్తుంది. కార్మిక చట్టాల కింద రాసే రిజిస్టరు ఒక్కరి బీరువాలోనే ఉండిపోవడం అరుదు.

పేర్లు, ఊరు, ఫ్యాక్టరీలో ఏం తయారవుతుందన్న వివరం తీసేశాను. జీతం, తేదీలు కొంత మార్చి లెక్కకు అనువుగా సరిచేశాను.

నేపథ్యం

చనిపోయినతను వరంగల్ చుట్టుపక్కల ఊరివాడు. 2012లో ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద హెల్పర్‌గా చేరాడు. పన్నెండేళ్లలో ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు. గేటు, షెడ్డు, సూపర్‌వైజరు, చేసే పని మాత్రం అవే. 2024 ఫిబ్రవరిలో సెకండ్ షిఫ్టు ముగించుకొని ఇంటికొచ్చి, ఆ రాత్రే గుండెపోటుతో పోయాడు. యాభై కూడా నిండలేదు. భార్య కూలి పని చేస్తుంది, సీజన్‌లో పత్తి ఏరడానికి పోతుంది. కొడుకు ఐటీఐ చదువుతున్నాడు.

దినాలు అయ్యాక ఆమె ఫ్యాక్టరీకి వెళ్లింది. "ఆయన మా ఎంప్లాయీ కాదమ్మా, కాంట్రాక్టర్ మనిషి. మా దగ్గర రికార్డు ఉండదు" అన్నారు హెచ్‌ఆర్‌లో. కాంట్రాక్టర్ దగ్గరికి పోతే, "నేనొచ్చి ఏడు నెల్లే అయింది. ముందటి సంగతి కంపెనీనే అడగాలె" అన్నాడు. ఏడు నెలలకు గ్రాట్యుటీ కింద 6,000 రూపాయలు ఇస్తాను, సంతకం పెట్టమని ఒక కాగితం కూడా ముందు పెట్టాడు. ఆమె పెట్టలేదు. ఈ కేసులో అన్నిటికంటే విలువైన నిర్ణయం అదే, అది మేం ఎవరం చెప్పకముందే ఆమె తీసుకుంది.

సమస్య: ఏ కాగితం, దేనికోసం

ఆమె అడిగింది ఒక్కటే మాట: "ఆయిన రికార్డులన్నీ ఇప్పియ్యుండ్రి సారు." అన్నీ అని అడిగితే ఏవీ రావు. అవతలివాళ్లకు తప్పించుకోవడానికి అంతకంటే సులువైన ప్రశ్న లేదు. అందుకే ముందు ఆమెకు రావాల్సిన డబ్బేమిటి, అందులో ఏ రూపాయి ఏ విషయం రుజువు కావడం మీద ఆధారపడి ఉంది అన్నది కూర్చొని రాసుకున్నాం.

పీఎఫ్ నిల్వ, వితంతు పింఛను గురించి పెద్దగా టెన్షన్ లేదు. సర్వీసులో ఉండగా చనిపోతే, పింఛను పథకంలో ఒక్క నెల చందా జమై ఉన్నా భార్యకు పింఛను వస్తుంది. చిక్కంతా మిగిలిన రెండింటిలో ఉంది.

మొదటిది పీఎఫ్‌తో పాటు ఉండే బీమా, ఈడీఎల్ఐ. చనిపోయిన నెలకు ముందు వరసగా 12 నెలలు ఉద్యోగంలో ఉంటే, ఆ 12 నెలల సగటు జీతానికి 35 రెట్లు, పీఎఫ్ నిల్వ సగటులో సగం కలిపి ఇస్తారు. జీతం 15,000 వరకే లెక్కలోకి వస్తుంది, నిల్వ భాగం 1,75,000 దాటదు. మొత్తం మీద కనీసం రెండున్నర లక్షలు, గరిష్ఠంగా 7 లక్షలు. 2021 ఏప్రిల్ నోటిఫికేషన్ తర్వాత ఆ 12 నెలలు ఒకే సంస్థలో ఉండాలన్న షరతు లేదు. ఇతని జీతం 10,400 అనుకుంటే, 35 రెట్ల భాగమే 3,64,000 అవుతుంది. వరస తెగిందని తేలితే మాత్రం పాత లెక్క ప్రకారం లక్షకు మించి రాదు. చివరి కాంట్రాక్టర్ కింద 7 నెలలే ఉన్నాయి కాబట్టి, దానికి ముందు 5 నెలలు కూడా పనిలో ఉన్నట్టు చూపాలి.

రెండోది గ్రాట్యుటీ. కనీసం ఐదేళ్ల సర్వీసు ఉండాలన్న నిబంధన మరణం విషయంలో లేదు. నెల జీతాన్ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే ఏడాదికి వచ్చేది 6,000. ఆరు నెలలు దాటిన ముక్కను కూడా ఏడాదిగానే లెక్కిస్తారు. కాబట్టి ఆ కాంట్రాక్టర్ చూపిన లెక్క అతని 7 నెలల వరకు సరైనదే. కాకపోతే సర్వీసు 12 ఏళ్లని నిలబడితే అది 72,000 అవుతుంది.

అంటే మాకు కావాల్సింది "రికార్డులన్నీ" కాదు. 2023 ఫిబ్రవరి నుంచి 2024 జనవరి దాకా ఏ నెలా ఖాళీ లేదని చూపే కాగితం ఒకటి. 2012 నుంచి అదే ప్రాంగణంలో పని చేశాడని చూపే కాగితం ఇంకొకటి.

ఇంట్లో ఏముంది

కంపెనీకి ఉత్తరం రాయడానికి ముందు ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తెమ్మన్నాను. బట్టల షాపు కవర్లో పెట్టి తెచ్చింది. బ్యాంకు పాస్‌బుక్కు, ఈఎస్ఐ నమోదు కాగితం, మాసిపోయిన ఐడీ కార్డు, అతని ఫోను.

ఐడీ కార్డు మీద కాంట్రాక్టర్ పేరున్న చోట చిన్న స్టిక్కర్ అంటించి ఉంది. ఒక మూల గోటితో లేపి చూస్తే కింద ఇంకో కాంట్రాక్టర్ పేరు. వెనక జారీ చేసిన సంవత్సరం 2016, పక్కనే కంపెనీ సెక్యూరిటీ విభాగం ముద్ర. కాంట్రాక్టర్ మారినప్పుడు కొత్త కార్డు ఖర్చెందుకని పాతదాని మీదే స్టిక్కర్ వేశారన్నమాట. వాళ్ల పిసినారితనం మాకు కలిసొచ్చింది. స్టిక్కర్ ఊడకుండా అలాగే రెండువైపులా ఫొటోలు తీయించి, కార్డును కవర్లో పెట్టించాను.

ఫోన్‌లో పీఎఫ్ జమ అయినట్టు వచ్చిన మెసేజులు నెలలవారీగా ఉన్నాయి. ఆ సిమ్‌కు రీచార్జ్ అయిపోవచ్చింది. వెంటనే చేయించమన్నాను. మనిషి పోయాక ఇంటివాళ్లు మొదట ఆపేసేది ఆ రీచార్జే. నంబరు పోతే దానికి ముడిపడిన ఖాతాల సమాచారం తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి.

ఫలించనివి

మా దగ్గరికి రాకముందే వాళ్ల బంధువొకాయన 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి కంపెనీకి సమాచార హక్కు దరఖాస్తు పంపాడు. కంపెనీ దాన్ని వెనక్కి పంపింది. చట్టప్రకారం కంపెనీ చేసింది తప్పు కాదు. ఆ చట్టం వర్తించేది ప్రభుత్వ సంస్థలకు, ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచే సంస్థలకు. మామూలు ప్రైవేటు కంపెనీ అందులోకి రాదు. తర్వాత ఆయన లేబర్ ఆఫీసుకు "సదరు కంపెనీకి సంబంధించిన సమస్త సమాచారం" ఇమ్మని ఇంకో దరఖాస్తు పెట్టాడు. అడిగిన సమాచారం నిర్దిష్టంగా లేదని జవాబు వచ్చింది. దరఖాస్తు చేరిన చోటు సరైనదే, ప్రశ్నే సరిగా లేదు.

ఊరి పెద్దమనుషులు వెళ్లి మాట్లాడటం కూడా అయింది. అలాంటి మాటలతో ఒక్కోసారి డబ్బు వస్తుంది, కాగితం మాత్రం రాదు.

కంపెనీకి ఉత్తరం

ఇక్కడ నిర్ణయం కొంచెం ఆలోచించి తీసుకున్నాం. నేరుగా ఫిర్యాదు చేయొచ్చు. కానీ ఫిర్యాదు చేసిన మరుక్షణం కంపెనీ లాయరు మాట్లాడతాడు, హెచ్‌ఆర్ నోరు మూసుకుంటుంది. దానికంటే ముందు వాళ్ల వాదన ఏమిటో రాతపూర్వకంగా రావాలి. నిరాకరణ అయినా సరే.

ఆమె పేరుతో, మరణ ధ్రువపత్రం, మీసేవ ద్వారా తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాం. చట్టం సెక్షన్లు గుప్పించలేదు, నోటీసు భాష వాడలేదు. అడిగినవి కొన్నే: 2012 నుంచి ఆ షెడ్డులో హెల్పర్ పనికి వర్క్ ఆర్డరు ఎవరెవరికి ఇచ్చారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, నా భర్త పేరు కాంట్రాక్టర్లు మీకు పంపిన నెలవారీ జాబితాల్లో ఉందా, ఉంటే ఆ నకళ్లు ఇప్పించండి.

జవాబు వచ్చింది. అతను తమ ఉద్యోగి కాదని, ఫలానా తేదీల మధ్య ఫలానా ముగ్గురు కాంట్రాక్టర్లకు పని ఇచ్చామని, రికార్డులు వాళ్ల దగ్గరే ఉంటాయని. బాధ్యత దులుపుకోవడానికి రాసిన ఆ రెండు పేరాల్లో మొదటి కాంట్రాక్టర్ తేదీలు మాకు తొలిసారి దొరికాయి. పైగా ముగ్గురి తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే 2023 జూన్ నెలకు ఎవరూ లేరు. రెండో కాంట్రాక్టర్ మే నెలాఖరుకు వెళ్లిపోయాడు, మూడోవాడు జూలై 1న వచ్చాడు. బీమాకు కావాల్సిన 12 నెలల్లో ఐదో నెల అది.

పీఎఫ్ ఆఫీసు దారి

సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్) చివర్లో ఒక మాట ఉంటుంది. వేరే ఏ చట్టం కిందనైనా ప్రభుత్వ అధికారి ఒక ప్రైవేటు సంస్థ నుంచి తెప్పించుకోగల సమాచారం కూడా ఈ చట్టం కింద "సమాచారమే". పీఎఫ్ చట్టం సెక్షన్ 13 కింద ఇన్‌స్పెక్టర్ సంస్థ రికార్డులు చూడొచ్చు, అడగొచ్చు. ఈ రెండూ కలిపితే దారి ఏర్పడుతుంది. కంపెనీని మనం అడగలేం, అడగగలిగిన అధికారిని మనం అడగగలం.

దరఖాస్తు రాసేటప్పుడు ఒక విషయంలో పట్టుబట్టాను. కాంట్రాక్టర్ నెలనెలా పంపే చలాన్ రిటర్నుల పూర్తి నకళ్లు అడుగుదామని ఆమె బంధువు అన్నాడు. అందులో మిగతా కార్మికుల పేర్లు, జీతాలు ఉంటాయి. అలా అడిగితే వ్యక్తిగత సమాచారమని సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె) కింద ఆపుతారు, లేదా మూడో పక్షానికి నోటీసంటూ కాలం గడుస్తుంది. మనకు పేజీ అంతా అక్కర్లేదు, అందులో మన వరస ఒక్కటి చాలు. ఈ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) కింద ఏ సంస్థ కోడ్‌లో, ఏ తేదీన చేరినట్టు, ఏ తేదీన వెళ్లినట్టు, నెలవారీ జీతం ఎంత చూపినట్టు ఉందో ఇవ్వండి అని అడిగాం.

రెండో, మూడో కాంట్రాక్టర్ల వివరాలు నెలనెలా లెక్కతో వచ్చాయి. మేం అనుకున్నట్టే 2023 జూన్ ఖాళీ. మొదటి కాంట్రాక్టర్ కింద ఆ యూఏఎన్‌తో ఏ ఖాతా లేదన్నారు. పాత నంబరు అడగకుండా కొత్త కాంట్రాక్టర్లు కొత్త యూఏఎన్ తీయించడం మన పక్క మామూలే. ఇంటిపేరు స్పెల్లింగు మారితే ఇక రెండూ వేర్వేరు మనుషులవుతారు.

అక్కడ ఈఎస్ఐ కాగితం అక్కరకొచ్చింది. దాని మీద 2012 నమోదు తేదీ, మొదటి కాంట్రాక్టర్ పేరు ఉన్నాయి. ప్రతి నెలా 27న జిల్లాల్లో పీఎఫ్ వాళ్లు పెట్టే "నిధి ఆప్కే నికట్" శిబిరానికి ఆమెను, కొడుకును ఆ కాగితంతో పంపాను. కౌంటర్లో కూర్చున్న అధికారి ఆ సంస్థ కింద పేర్లు వెతికితే, ఇంటిపేరులో ఒక అక్షరం తేడాతో, పుట్టిన సంవత్సరం మూడేళ్లు అటూఇటూగా పాత ఖాతా బయటపడింది. ఇదే పనికి అప్పీలు వేసి ఉంటే నెలలు పట్టేది. మనిషి ఎదురుగా ఉండి స్క్రీన్ మీద వెతికే పని ఉత్తరాలతో జరగదు.

జూన్ నెల

పాస్‌బుక్కులో జీతం ప్రతి నెలా కాంట్రాక్టర్ ఖాతా నుంచే పడింది. 2023 జూలై మొదటి వారంలో మాత్రం జీతం పంపిన ఖాతా పేరు వేరు. నేరుగా కంపెనీదే. కాంట్రాక్టర్ లేని నెలలో పని ఆపలేదు కదా, జీతం కంపెనీయే వేసింది. పీఎఫ్ మాత్రం ఎవరూ కట్టలేదు. "ఆయిన మా ఎంప్లాయీ కాదు" అన్న ఉత్తరం పక్కన ఈ ఒక్క లైను పెట్టి చూడండి.

దీన్ని ఎక్కడ వాడాలన్నది రెండో పెద్ద నిర్ణయం. గ్రాట్యుటీ కేసులో బయటపెట్టేద్దామని మా జూనియర్ అన్నాడు. నేను పీఎఫ్ ఆఫీసులో వాడాను. పీఎఫ్ పథకం పేరా 30 ప్రకారం కాంట్రాక్టర్ మనుషుల చందా కట్టించే బాధ్యత అసలు యజమానిదే, అంటే పని ఇచ్చిన కంపెనీదే. అక్కడ వివాదం లేదు, వాదన అక్కర్లేదు. పాస్‌బుక్కు పేజీ జతచేసి ఆ నెల చందా వసూలు చేయాలని ఫిర్యాదు ఇచ్చాం. అధికారి పిలిచి అడిగాక కంపెనీ సాగదీయలేదు. తన కోడ్ కింద కాకుండా మూడో కాంట్రాక్టర్ కోడ్ కింద, చేరిన తేదీ జూన్ 1కి మార్పించి, ఆలస్యపు జరిమానాతో కట్టించింది. ఎలా కట్టినా మాకు ఫరవాలేదు. 12 నెలల వరస పూర్తయింది. పీఎఫ్, పింఛను, బీమా మూడింటికీ మరణం కేసుల్లో వాడే ఒకే కాంపోజిట్ ఫారం పెట్టాం. బీమా కింద నాలుగున్నర లక్షల దాకా వచ్చింది.

గ్రాట్యుటీ

అసిస్టెంట్ కమిషనర్ ఆఫ్ లేబర్ ముందు కంపెనీని, ముగ్గురు కాంట్రాక్టర్లను కలిపి ప్రతివాదులుగా చేర్చాం. ఇక్కడికి రావడంలో లాభం ఏమిటంటే, గ్రాట్యుటీ చట్టం సెక్షన్ 7(5) కింద ఆ అధికారికి పత్రాలు హాజరుపరచమని ఆదేశించడంలో సివిల్ కోర్టుకున్న అధికారం ఉంటుంది. మనం ఉత్తరంలో బతిమాలి అడిగినదే ఇప్పుడు ఆదేశంగా వెళ్తుంది.

మొదటి కాంట్రాక్టర్ దుకాణం ఎత్తేశాడు, దొరకలేదు. రెండోవాడు 2020 ఆగస్టు వానలకు ఆఫీసు మునిగి రిజిస్టర్లు తడిసిపోయాయన్నాడు. ఆ నెల వరంగల్‌లో కాలనీలు మునిగిన మాట అందరికీ తెలిసిందే, కాదనలేం. మేం రిజిస్టర్ల కోసం పట్టుబట్టలేదు కూడా. పీఎఫ్ పథకం పేరా 36బి ప్రకారం ప్రతి కాంట్రాక్టరూ నెల ముగిసిన ఏడు రోజుల్లో తన మనుషుల చందా వివరాలు అసలు యజమానికి పంపాలి. కాంట్రాక్టు కార్మికుల చట్టం సెక్షన్ 21 ప్రకారం జీతాలు ఇచ్చేటప్పుడు కంపెనీ ప్రతినిధి అక్కడుండి సర్టిఫై చేయాలి. కాబట్టి కంపెనీ దగ్గర "రికార్డు ఉండదు" అనేది కుదరదు. ఆ రెండు కాగితాల పేర్లు చెప్పి హాజరుపరచమని అడిగాం. ఈమెయిల్లో వచ్చిన జాబితాలు 2017 నుంచి బయటికొచ్చాయి. 2023 మే నెల జాబితాలో ఉన్న పేర్లే, దాదాపు అదే వరసలో, జూలైలో కొత్త కాంట్రాక్టర్ లెటర్‌హెడ్ మీద ఉన్నాయి.

2012 నుంచి 2016 దాకా కంపెనీ ఏమీ చూపలేదు. దానికి మా దగ్గర ఈఎస్ఐ కాగితం, పాత పీఎఫ్ ఖాతా ఉన్నాయి. తన చేతిలో ఉండాల్సిన పత్రాన్ని చూపనివాడి విషయంలో, అది అతనికే వ్యతిరేకంగా ఉంటుందని ఊహించే వీలు సాక్ష్య చట్టంలో ఉంది. పాతదాంట్లో సెక్షన్ 114, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 119. ఆ వాదన రాతపూర్వకంగా పెట్టాక కంపెనీ రాజీకొచ్చింది. 72,000 మొత్తం ఇచ్చారు, వడ్డీ ఇవ్వలేదు. వడ్డీ కోసం నిలబడదామని నేనన్నాను. "ఇంకో ఏడాది తిరుగుడు నాతోని కాదు సారు" అంది. కేసు ఆమెది, అక్కడితో ఆపాం. రాజీ కాబట్టి, కాంట్రాక్టు కార్మికుడి గ్రాట్యుటీకి అసలు యజమాని బాధ్యుడా అన్న ప్రశ్న మీద ఉత్తర్వు రాలేదు. ఆ ప్రశ్న తేలిందని ఈ కేసును చూపి ఎవరూ వాదించడానికి లేదు.

మొదటి కాంట్రాక్టర్ కాలంలో కొన్ని నెలల పీఎఫ్ అసలు జమే కాలేదని పాత ఖాతా చూశాక తెలిసింది. దాని మీద పీఎఫ్ చట్టం సెక్షన్ 7ఏ కింద బకాయి తేల్చే విచారణ కోరుతూ ఇచ్చిన ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

ఇలాంటి కేసు చేతిలో ఉన్నవాళ్లకు

గ్రాట్యుటీకి వారసులు ఏడాది లోపు యజమానికి దరఖాస్తు పెట్టాలి. తగిన కారణం చూపితే ఆలస్యమైనా తీసుకోవాలి. కానీ రికార్డులన్నీ వచ్చాక పెడదామని ఆగొద్దు. ముందు దరఖాస్తు పెట్టి, తర్వాత కాగితాలు తెప్పించుకోండి. ఇక్కడ కంపెనీకి మొదటి ఉత్తరం, గ్రాట్యుటీ దరఖాస్తు ఒకే వారంలో వెళ్లాయి.

ప్రశ్నలో కాగితం పేరు ఉండాలి. "హాజరు వివరాలు" అని అడిగితే లేవంటారు. "36బి కింద 2019 మార్చి నెలకు వచ్చిన జాబితా" అని అడిగితే, లేదని చెప్పాలన్నా తాము చట్టం పాటించలేదని ఒప్పుకోవాలి.

చనిపోయిన మనిషి వరస ఒక్కటే అడగడం ఇప్పుడు ఇంకా ముఖ్యం. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసిన సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చాక, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం మినహాయింపు మరింత బిగిసింది. మా డేటా మాకు చూపమని కంపెనీలను నేరుగా అడిగే హక్కు అదే చట్టంలో ఉంది కదా అని కొందరు అడుగుతున్నారు. నియమాలు వచ్చినా ఆ భాగం అమలుకు పద్దెనిమిది నెలల గడువు పెట్టారు, కాబట్టి ఇప్పటికిప్పుడు దాని మీద ఆధారపడి దరఖాస్తు రాయొద్దు.

ఈ కేసు అంతా పాత కార్మిక చట్టాల కింద నడిచింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అంతకుముందు జరిగిన మరణాలకు పైన చెప్పిన సెక్షన్లతోనే దరఖాస్తు రాయండి. ఆ తర్వాతివైతే గ్రాట్యుటీ, కాంట్రాక్టు కార్మికుల విషయంలో సెక్షన్ల నంబర్లు కోడ్ చూసి సరిచేసుకోవాలి.